తల్లి సంతకం

పొద్దున్న లేవగానే మా ఇంట్లో ముందుగా కడిగేది పాలగిన్నె కాదు, మా అమ్మాయి చెవి మోల్డులు. చెవి మిషన్‌కి తగిలించి చెవి లోపల పెట్టుకునే మెత్తటి అచ్చులవి. గోరువెచ్చటి నీళ్ళలో వేసి, సన్నటి బ్రష్‌తో గులిమి తీసి, గొట్టంలో చుక్క మిగలకుండా చిన్న రబ్బరు బుడ్డితో గాలి కొట్టి, పొడిగుడ్డ మీద ఆరబెట్టాలి. చుక్క మిగిలిందా, ఆ రోజు బళ్ళో దానికి సగం పాఠం వినపడదు. ఆ వేళ కూడా అదే చేస్తుంటే మా ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "ఊరికే చేసే పనికి పొద్దున్నే ఈ హడావుడేంటి? ఇవాళ మానెయ్. మా వాళ్ళు భోజనానికి వస్తున్నారు," అన్నాడు. ఆయన అన్నది మోల్డులు కడగడం గురించి కాదు. అది ఆయన దృష్టిలో అసలు పనే కాదు. ఊరికే చేసే పని అంటే నేను వారానికి మూడు రోజులు సంఘం తరఫున ఇళ్ళకి వెళ్ళడం.

చెవులు వినపడని పిల్లలుండీ మిషన్లు కొనలేని ఇళ్ళు చాలా ఉన్నాయి. మా సంఘం దాతల్ని పట్టుకుని ఆ పిల్లలకి మిషన్లు ఇప్పిస్తుంది. ఎవరికివ్వాలో తేల్చే ముందు నాలాంటి వాలంటీరు ఒకరు ఆ ఇంటికి వెళ్ళి, కాసేపు కూర్చుని, చూసి, రిపోర్టు రాయాలి. నా రిపోర్టులంటే సంఘంలో మంచి పేరు. ఈ సంగతంతా నా గొప్ప కోసం చెప్పడం లేదు. ఓ పసిపిల్లకి నేను చేయబోయిన అన్యాయం గురించి చెబుతున్నాను. ఎందుకు చేయబోయానంటే కుళ్ళుతో. అసూయ అనొచ్చు గానీ ఆ మాటలో కాస్త మర్యాద ఉంది. నాది అచ్చంగా కుళ్ళే.

వచ్చేవాళ్ళకి రెండు పూటలకి సరిపడా వండి, మూతలు పెట్టి, ఏ గిన్నెలో ఏముందో మా ఆయనకి రెండుసార్లు చెప్పి, బస్సెక్కి వెళ్ళాను. ఆ ఇంటావిడ దర్జీ. ఒకటే గది. కిటికీ పక్కన కుట్టు మిషన్, దాని చుట్టూ బడిపిల్లల యూనిఫారాలు ఒకదాని మీద ఒకటి. ఓ పక్క కుట్టినవి, ఓ పక్క కుట్టాల్సినవి. ఆవిడ నోట్లో దారం ముక్క, చేతిలో కత్తెర. "రా అక్కా, కాలు అడ్డం ఉంటే తోసెయ్, ఏమనుకోకు," అంది యూనిఫారాల కట్టని చూపించి. వాళ్ళాయన బ్రెడ్ వ్యాను నడుపుతాడు. తెల్లారకముందే వెళ్ళి పదింటికల్లా ఇంట్లో ఉంటాడు. నేను వెళ్ళేసరికి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, పదకొండు నెలల కూతుర్ని ఎదురుగా పెట్టుకున్నాడు. పేరేదో ఉంది గానీ ఇద్దరూ దాన్ని 'బుడ్డది' అనే పిలుస్తున్నారు. పిలిస్తే వినపడదు, అయినా పిలుస్తూనే ఉన్నారు.

పాప గురించి చెప్పమంటే ఇళ్ళల్లో మామూలుగా ఏం జరుగుతుందో నాకు తెలుసు. మగవాళ్ళు "దాన్నడగండి, అదే చూసుకుంటుంది" అని బయటికి వెళ్ళి నిలబడతారు. ఈయన మాత్రం లేచి అలమారలోంచి ఓ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. తేదీలు వేసి, ఏ చప్పుడుకి పిల్ల తిరిగిందో లేదో రాసి ఉంది. గిన్నె మూత, కుడి పక్క, తిరగలేదు. గిన్నె మూత, ఎడమ పక్క, తిరగలేదు. తలుపు ధడేల్‌మంది, తిరిగింది, కానీ నేల అదిరి ఉండొచ్చు. ఆ ఆఖరి ముక్క చదివి నా చెయ్యి ఆగిపోయింది. పిల్ల తిరిగింది చప్పుడుకి కాదు అదురుకి అని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఆ ఆరు నెలలూ "చూడు, వింటోంది, తలుపు వేస్తే తిరిగింది" అని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. ఈ వ్యాను డ్రైవరుకి ఎవరు చెప్పారు?

"డాక్టరమ్మ దగ్గర మొన్న ఓసారి మిషన్లు పెట్టి చూశారండీ," అన్నాడు. "పాలు తాగుతోంది. వాళ్ళమ్మ ఏదో అంది. టక్కున ఆగిపోయింది. పాలు నోట్లోనే ఉన్నాయి, మింగలేదు, ఉమ్మలేదు, అలాగే వాళ్ళమ్మ మొహం చూస్తూ..." ఇంక చెప్పలేకపోయాడు. "మగాడివి, ఏడుపేంటి, మేడం నవ్వుతుంది," అంది ఆవిడ. అని తనే కళ్ళు తుడుచుకుంది.

నేను నవ్వలేదు. నా కడుపులో మంట మొదలైంది. నా పిల్లకి ఏడాదిన్నరప్పుడే నాకు అనుమానం వచ్చింది. అప్పట్లో నేను ఓ ఆసుపత్రి ల్యాబులో పని చేసేదాన్ని. రక్త పరీక్షలు. అందరూ ల్యాబ్ మేడం అనేవారు, నాకు ఆ పిలుపు ఎంత ఇష్టమో. ఇంటికొచ్చి అనుమానం చెబితే మా అత్తగారు, "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళు దాటాకే మాటలొచ్చాయి. మా ఇంట్లో అందరూ అంతే. ఆ ల్యాబులో పొద్దస్తమానం రోగాలు చూసి చూసి బంగారం లాంటి పిల్లలో కూడా రోగం వెతుకుతున్నావు," అంది. మా ఆయన, "అమ్మ నలుగుర్ని పెంచింది. ఆవిడకి తెలియదా, నీకు తెలుసా?" అన్నాడు. నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే చివరికి పరీక్ష చేయించారు, అప్పటికి పిల్లకి నాలుగేళ్ళు దగ్గర పడ్డాయి. ఈ సంఘమే మిషన్లు ఇప్పించింది. అది నన్ను మొదటిసారి 'అమ్మా' అని పిలిచేసరికి దానికి ఐదేళ్ళు. ఇప్పుడు పదమూడు. కొట్టుకెళ్ళి రబ్బరు కావాలని అడిగితే కొట్టువాడు "ఏంటమ్మా?" అంటాడు. మళ్ళీ చెబుతుంది. మళ్ళీ "ఏంటీ?" అంటాడు. మూడోసారికి వాడు నా వైపు చూస్తాడు, అది నేల వైపు చూస్తుంది. ఈ బుడ్డదానికి ఆ బాధ ఉండదు. ఏడాది నిండకుండానే వింటుంది, రెండేళ్ళకి గలగలా మాట్లాడుతుంది. అవును, పాలు తాగే పిల్ల మీద కూడా కుళ్ళుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

అసలు సంగతి ఆ తరవాత వచ్చింది. మా ఫారంలో చివరి పేజీ హామీ పత్రం. 'రెండేళ్ళపాటు వేరే ఉద్యోగం చేయకుండా ఇంట్లో ఉండి, బిడ్డకు రోజూ మాటల శిక్షణ ఇస్తాను' అని రాసి ఉంటుంది. కింద చుక్కల గీత, గీత కింద 'తల్లి సంతకం'. మిషన్ ఇచ్చేస్తే సరిపోదు, రోజుకి ఐదారు గంటలు పక్కన కూర్చుని ఒక్కో చప్పుడూ నేర్పాలి, లేకపోతే మిషన్ బీరువాలో మూలుగుతుంది. అందుకని పెట్టిన నియమం. నేను వాలంటీరుగా చేసిన ఈ ఏడేళ్ళలో ఆ పేజీ మీద ఎంతమంది తల్లుల చేత సంతకాలు పెట్టించానో. ఒక్కరూ ప్రశ్న అడగలేదు. వాళ్ళందరి కంటే ముందు నేనూ అడగలేదు. నా వంతు వచ్చిన రోజు మా ఆయన నా పక్క కుర్చీలోనే కూర్చున్నాడు. సంతకం పెట్టడానికి పెన్ను కూడా ఆయనే ఇచ్చాడు. మర్నాడు ల్యాబుకి వెళ్ళి రాజీనామా ఇచ్చి వచ్చాను. సాయంత్రం ఆయన వాళ్ళన్నయ్యకి ఫోన్‌లో, "మేం ఓ నిర్ణయం తీసుకున్నాం," అని చెబుతుంటే వంటింట్లోంచి విన్నాను.

దర్జీ ఆ పేజీని వేలు పెట్టి నిదానంగా చదివింది. చదివి నోట్లో దారం ముక్క తీసేసింది.

"పని మానాలా? నేను మానను అక్కా."

"రెండేళ్ళే కదమ్మా."

"రెండేళ్ళు మానితే ఈ యూనిఫారాలు ఇంకొకరి గుమ్మంలోకి పోతాయి. మళ్ళీ రావు. ఆయన పదింటికల్లా ఇంట్లో ఉంటాడు కదా, సాయంత్రం దాకా ఖాళీ. ఆయన నేర్పుతాడు. సంతకం ఆయన పెడతాడు."

నేను ఆయన వైపు చూశాను. మొహం చిట్లిస్తాడనుకున్నాను, కనీసం తల గోక్కుంటాడనుకున్నాను. చెయ్యి చాపి, "ఎక్కడ పెట్టాలి మేడం?" అన్నాడు.

"తండ్రి సంతకానికి చోటు లేదండీ ఇందులో."

"పక్కన ఖాళీ ఉంది కదా, ఇక్కడ పెట్టేస్తా లెండి."

పెట్టేశాడు. అంత సులువుగా. వాళ్ళావిడ మళ్ళీ దారం నోట్లో పెట్టుకుని, "కాస్త కుదురుగా పెట్టు, కోడి గీసినట్టు కాకుండా," అని ఆటపట్టించి పెడల్ తొక్కుతూ కూర్చుంది. ఇచ్చిన టీ గటగటా తాగేసి బయటపడ్డాను. బస్సులో కూర్చున్నా మంట చల్లారలేదు. 'నేను మానను'. ఇంతే కదా మాట. రెండు ముక్కలు. నేనెందుకు అనలేదు? అనొచ్చని నాకెందుకు తెలియలేదు? ఆవిడ నా కంటే చదువుకుందా, తెలివైందా, ఏముంది ఆవిడ దగ్గర? మంచి మొగుడున్నాడు, అదీ సంగతి. అదృష్టవంతురాలు. కొందరికి అన్నీ అలా కలిసొస్తాయి, కొందరు మోల్డు మీద ఎర్ర చుక్క ఉంటే కుడి చెవిది, నీలం చుక్క ఉంటే ఎడమ చెవిది అని తొమ్మిదేళ్ళుగా చెప్పినా తెలుసుకోని మనిషితో కాపురం చేస్తారు.

ఇంటికొచ్చేసరికి చుట్టాలు తిని వెళ్ళిపోయారు. తిన్న కంచాలు తిన్నచోటే ఉన్నాయి. మా ఆయన నిద్రపోతున్నాడు. అవన్నీ తీసి, బల్ల తుడిచి, అమ్మాయి బడి నుంచి వచ్చేలోగా రిపోర్టు రాయడానికి కూర్చున్నాను. 'కుటుంబ సహకారం' అన్న చోట ఇలా రాశాను: తల్లి సహకరించడానికి సిద్ధంగా లేదు. పని మానడానికి ఒప్పుకోలేదు. పాప తండ్రి సంతకం ఉన్న పేజీ తీసి బ్యాగులో పడేసి కొత్త పేజీ పెట్టాను. అంచులో సంతకం ఉంటే నీటుగా ఉండదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. రాసిందాంట్లో అబద్ధం ఏముంది, షరతుకి ఒప్పుకోలేదన్నది నిజమే కదా అని కూడా చెప్పుకున్నాను. తండ్రి గురించి ఒక్క అక్షరం రాయలేదు. నోట్‌బుక్ గురించి రాయలేదు. కవరు అంటించాక ఆ పూటకి కడుపు చల్లబడిందంటే నమ్మండి.

శనివారం మీటింగు. ఏడు ఫైళ్ళున్నాయి, ఐదుగురికే మిషన్లు వచ్చాయి. మా అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు గారు. మంచాయనే, కాకపోతే ఇంకా బడిలోనే ఉన్నాననుకుంటారు. దర్జీ ఫైలు తెరిచి నా వాక్యం పైకి చదివారు.

"ఈ తల్లికి బాధ్యత ఉన్నట్టు లేదు. పక్కన పెడదాం. వచ్చే విడతలో చూద్దాం, ఆరు నెలల్లో."

వినికిడి పరీక్షలు చేసే డాక్టరమ్మ కుర్చీలో ముందుకి జరిగింది. "సార్, ఆ పాపకి పదకొండు నెలలు. ఈ వయసులో ఆరు నెలలంటే చాలా ఎక్కువ."

"నిజమేనమ్మా, కానీ నేర్పేవాళ్ళు ఉండాలిగా. మన మేడం గారిని చూడండి. బంగారం లాంటి ఉద్యోగం వదులుకుని బిడ్డకి మాటలు తెప్పించారు. ఆదర్శ తల్లి అంటే ఆవిడ! అందరూ అలా ఉంటే మనకీ తలనొప్పులెందుకు?"

అందరూ నా వైపు తిరిగి నవ్వారు. ఏడేళ్ళుగా ఆ మాట వింటున్నాను. అది విన్న ప్రతిసారీ లోపల కాస్త పొంగేదాన్ని, ఎందుకు దాచాలి, నాకు దక్కిన జీతం అదొక్కటే. ఆ రోజు మాత్రం పొంగలేదు. ఆ మాట కోసమే ఇంకో ఆడదాన్ని బాధ్యత లేనిదాన్ని చేశాను. హెడ్మాస్టరు గారు ఆ ఫైలు ఎడమ పక్కకి తోశారు. ఎడమ పక్క అంటే వద్దన్నవి. ఆరు నెలలు. ఆరు నెలలంటే ఏంటో ఆ గదిలో డాక్టరమ్మ తరవాత నాకొక్కదానికే తెలుసు. కొట్టువాడి ముందు తల దించుకునే నా కూతురు కళ్ళ ముందు నిలబడింది. మా అత్తగారు ఆగుదాం అంది, మా ఆయన ఆగుదాం అన్నాడు, వాళ్ళని జన్మలో క్షమించనని ఎన్నిసార్లు అనుకున్నానో. ఇప్పుడు ఈ పిల్ల విషయంలో ఆగుదాం అన్నది నేనే.

"సార్, ఆ రిపోర్టు తప్పు," అన్నాను.

"ఎవరి రిపోర్టు?"

"నాదే. తల్లి సహకరిస్తుంది. పని చేసుకుంటూనే చూసుకుంటుంది. తండ్రి రోజంతా నేర్పుతానన్నాడు, సంతకం కూడా పెట్టాడు. ఆ పేజీ నేనే తీసేశాను." బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టాను. మరి దాన్నెందుకు చింపెయ్యలేదో నాకూ తెలియదు.

హెడ్మాస్టరు గారు కళ్ళజోడు తీశారు. "ఎందుకు తీశారమ్మా?"

"కుళ్ళుతో, సార్. ఆవిడ మొగుడు సంతకం పెట్టాడు. నా మొగుడు నా పక్కనే కూర్చుంటే ఆయన్ని ఎవరూ అడగలేదు. మీరు అడగలేదు, నేనూ అడగలేదు. అది చూసి ఓర్చుకోలేకపోయాను."

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల మీద ఉన్న స్టాప్లర్‌ని చూస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ ఆ పేజీ తీసుకుని, చదివి, ఫైలుకి గుచ్చి, ఆ ఫైలుని కుడి పక్కకి జరిపింది. "చుక్కల గీత కింద ఎవరి పేరు రాసుందో పాపకి అక్కర్లేదు సార్," అంది. హెడ్మాస్టరు గారు కాదనలేదు. కాకపోతే మీటింగు అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "ఇక మీదట రిపోర్టులు వేరేవాళ్ళు రాస్తారమ్మా. మీరు ఇంట్లో కాస్త విశ్రాంతి తీసుకోండి," అన్నారు. తప్పు నాదే, తలూపాను. ఇల్లు దాటి నేను వెళ్ళే ఒకే ఒక్క చోటు అలా పోయింది.

తిన్నగా ఇంటికి వెళ్ళలేదు. దర్జీ దగ్గరికి వెళ్ళాను. ఎవరో ఒకరు చెబుతారు, నా నోటితో నేనే చెప్పాలి. గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పేశాను. ఆవిడ పెడల్ మీద కాలు తీసేసింది. మొహం ఎర్రబడింది.

"నా బిడ్డవి ఆరు నెలలు తీసేద్దామనుకున్నావా? నీకూ ఇలాంటి బిడ్డే ఉందన్నావు కదక్కా. నీకెలా చేతులొచ్చాయి?"

"తప్పే. నిన్ను చూసి కుళ్ళుకున్నాను."

"నన్నా? ఏం చూసి, ఈ గదిని చూసా?"

"మీ ఆయన్ని చూసి. అడగ్గానే సంతకం పెట్టే మొగుడు దొరికాడు నీకు. అందరికీ ఉంటుందా ఆ అదృష్టం?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో నవ్వు లేదు. "నువ్వు ఇప్పుడు చూశావు. పరీక్ష కాగితాలు వచ్చిన రోజు చూడాల్సింది. 'ఇవన్నీ ఆడవాళ్ళ పనులు, పని మానేసి నువ్వే చూసుకో' అన్నాడు. పాలసీసా చేతికిచ్చి, పిల్లని ఒళ్ళో పడేసి మా అక్క ఇంటికి పోయాను. పదకొండు రోజులు. ఇదేం తల్లి అని మా అత్త వీధి వీధంతా టముకు వేసింది. నేను ఎంత ఏడ్చానో నాకు తెలుసు, పిల్ల వాసన కోసం దాని చొక్కా ఒకటి దిండు కింద పెట్టుకున్నాను. అయినా వెళ్ళలేదు. రోజూ ఫోన్ చేసి ఒక్కటే అడిగాను, నువ్వు చూస్తావా లేదా అని. పన్నెండో రోజు ఆ నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. అలాంటి మొగుడు దొరకలేదక్కా. అడిగితే ఒప్పుకోలేదు. ఒప్పుకునేదాకా అడిగాను."

బస్సులో ఆవిడకి అంటగట్టిన అదృష్టమంతా ఎటు పోయిందో. పదకొండు రోజులు. నేను ఒక్క రోజు అడగలేదు. ఒక్క పూట అడగలేదు.

"మిషన్లు వస్తాయి కదా?" అంది.

"వస్తాయి. వచ్చే బుధవారం పెడతారు."

"అయితే వెళ్ళిరా అక్కా. తరవాత ఎప్పుడైనా రా. ఇవాళ మాత్రం నీకు టీ ఇవ్వలేను."

ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు. మా అమ్మాయి పుస్తకాలు పరుచుకుని నా కోసం చూస్తోంది. బళ్ళో టీచరు వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తూ చెప్పినవి దానికి అందవు, పక్క పిల్ల నోట్సు చూసి రోజూ రెండు గంటలు మళ్ళీ చెప్పాలి, నోరు తిరగని మాటలు పలికించాలి. మా ఆయన సోఫాలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు.

"హెడ్మాస్టరు గారు ఫోన్ చేశారు. ఆ పని తీసేశారటగా. పోనీలే, పీడా పోయింది. ఇంక తీరిగ్గా ఇంట్లో ఉంటావు."

"ఉండను. సోమవారం ల్యాబులకి వెళ్ళి పని అడుగుతాను," అన్నాను. "సాయంత్రాలు దీని పాఠాలు మీరు చెప్పండి."

"నేనా? నాకేం వచ్చని?"

"నాకూ ఏమీ రాదు. నేర్చుకున్నాను."

మా అమ్మాయి ఆయన పెదాల నుంచి నా పెదాలకీ, నా పెదాల నుంచి ఆయన పెదాలకీ చూపు తిప్పుతోంది. ఒక్క మాట వదలడం లేదు. ఆయన అది గమనించి నవ్వబోయాడు, నవ్వు కుదర్లేదు.

"సరేలే, ఓ నాలుగు రోజులంటే చూస్తా. ఎన్నాళ్ళని చూడమంటావు?"

"నేను చూసినన్నాళ్ళు."

ఆయన ఒప్పుకోలేదు. రేపు మళ్ళీ అడుగుతాను.